బతుకమ్మ జాగ గురించి మమ్మల్ని ఒక్కసారి అడగండి

పాలమూరు, నల్లగొండ వైపు పట్టణాలను నడిపిస్తున్న మేయర్లకు, చైర్‌పర్సన్లకు, కార్పొరేటర్లకు, కౌన్సిలర్లకు, కమిషనర్లకు నమస్కారాలు.

నేను టైలరింగ్ చేసుకుంటాను. పద్దెనిమిదేళ్లుగా మా మహిళా సంఘం లెక్కల పుస్తకం నేనే రాస్తున్నాను. మాది ఒకప్పుడు ఊరు, ఇప్పుడు ఒక పట్టణంలో వార్డు. ఏ ఊరో రాయడం లేదు. జడ్చర్ల నుంచి దేవరకొండ దాకా, గద్వాల నుంచి మిర్యాలగూడ దాకా పట్టణాల అంచున ఉన్న ఏ వార్డుకు వెళ్లి అడిగినా ఇదే మాట వినిపిస్తుందని నా నమ్మకం. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ఏటా వార్డుకు ఇంత అని కొంత డబ్బు విడిగా పెట్టండి. దాంతో ఏ పని చేయాలో ఆ వార్డులో ఉండేవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మా వంతుగా చందానో, సామానో, ఒంటి కష్టమో, ఎవరికి ఏది చేతనైతే అది కలుపుతాం. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

2018 ఆగస్టులో మన రాష్ట్రంలో ఒకేసారి 68 కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి. ఎన్నో ఊళ్లు వాటిలోకో, పాత పట్టణాల్లోకో వెళ్లిపోయాయి. 2025లో మహబూబ్‌నగర్ కార్పొరేషన్ అయినప్పుడు ఇంకొన్ని కలిశాయి. మా ఊరు కలిసినప్పుడు చాలామందిమి సంతోషించాం. సీసీ రోడ్లు పడతాయి, లైట్లు వస్తాయి, జాగల రేటు పెరుగుతుంది అనుకున్నాం. చెత్త బండి వచ్చింది, పొద్దున్నే పాట పెట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతుంది. ఆ బండి మీద పనిచేసేవాళ్ల కష్టాన్ని నేను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. రోడ్లు కొన్ని పడ్డాయి. ఉపాధి హామీ పని పల్లెలకే కాబట్టి అది పోయింది. ఇంటి పన్ను పెరిగింది. వీటి గురించి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. నా మనసులో మాత్రం అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది గ్రామసభ పోవడం.

మా గ్రామసభ గొప్పగా జరిగేదని చెప్పను. కొన్నిసార్లు పది మంది కూడా వచ్చేవారు కాదు, సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకునేవారు. అయినా సభ అనేది ఒకటి ఉండేది. ముందు రోజు డప్పు చాటింపు వేసేవారు. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు గద్దె చుట్టూ కూర్చునేవాళ్లం. కార్యదర్శి జమాఖర్చులు చదివేవాడు. ఒకసారి అలా చదువుతూ బోరు మోటారు రిపేరుకు నాలుగు వేలు అన్నాడు. వెనక కూర్చున్న ఒక అక్క లేచి నిలబడింది. "మోటారు బాగు చేసింది మా తమ్ముడే సారూ. వాడు తీసుకున్నది రెండున్నర వేలు. కావాలంటే ఇప్పుడే ఫోన్ చేస్త" అంది. సభంతా గొల్లుమంది. కార్యదర్శి ముఖం మాడిపోయింది. తర్వాతి సభకు ఆ లెక్క సరిచేసి, రసీదు జత చేసి తెచ్చాడు. ఆ అక్క బడికి పోలేదు. బడ్జెట్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. తన గల్లీలో మోటారు ఎవరు విప్పారో, ఎవరు బిగించారో తెలుసు. పదిహేను వందలు మళ్లీ ఊరి ఖాతాలోకి రావడానికి అది చాలింది.

ఇప్పుడు మా గల్లీలో ఏ పని జరిగినా బిల్లు ఎంత అయిందో అడగడానికి మాకు చోటు లేదు. కౌన్సిల్ మీటింగ్ జరిగిందని మర్నాడు పేపర్లో చూసి తెలుసుకుంటాం. మా వార్డు ప్రతినిధి మంచి మనిషే, ఫోన్ చేస్తే ఎత్తుతారు, వీలైతే వస్తారు. అయితే ఒక్కరు ఫోన్‌లో అడిగితే అది బతిమాలుకోవడంలా ఉంటుంది. నలుగురి ముందు అడిగినప్పుడే ఎవరైనా లెక్క తీస్తారు.

చట్టంలో ఇలాంటి చోటు లేదా అంటే ఉంది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. యువతది ఒకటి, ఆడవాళ్లది ఒకటి, పెద్ద వయసువాళ్లది ఒకటి, వార్డులో పేరున్న పౌరులది ఒకటి. ఒక్కో కమిటీలో పదిహేను మంది, అంటే వార్డుకు 60 మంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి. రాజ్యాంగానికి 74వ సవరణ చేసినప్పుడు వార్డు కమిటీలను 3 లక్షల జనాభా దాటిన పట్టణాలకే తప్పనిసరి చేశారు. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ గానీ మహబూబ్‌నగర్ గానీ ఆ గీత దాటలేదు. మన రాష్ట్ర చట్టం ఆ మెలిక పెట్టకుండా చిన్న పట్టణానికి కూడా కమిటీలు ఇచ్చింది. ఇది నిజంగా మంచి పని, రాసినవాళ్లకు దండం పెట్టాలి. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి కార్యక్రమాన్ని మహబూబ్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. ఆ రోజుల్లో మా వార్డులోనూ కమిటీలకు పేర్లు రాసుకున్నారు, ఆధార్ జిరాక్సులు తీసుకున్నారు. నేనూ ఇచ్చాను. ఆ తర్వాత ఒక్క మీటింగ్‌కూ పిలుపు రాలేదు. ఆ 60 మందిలో నా పేరు ఉందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ కమిటీలు ఎందుకు నిలబడలేదని చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. మా సంఘంలో పదిమంది ఆడవాళ్లం వానైనా ఎండైనా మీటింగ్‌కు ఎందుకు వస్తాం? పొదుపు డబ్బు ఉంది, ఎవరికి అప్పు ఇవ్వాలో తేల్చాలి. ఒకరికి కూతురి కాలేజీ ఫీజు, ఇంకొకరికి బర్రె కొనాలి, మరొకరి ఇంట్లో ఆపరేషన్. ఎవరిది ముందు అని గంటసేపు వాదించుకుంటాం. కోపాలు వస్తాయి. ఒకామె అలిగి రెండు వారాలు రాలేదు, ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాం. చివరికి తీర్మానం రాస్తాం, అందరం సంతకం పెడతాం, దానికి కట్టుబడతాం. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు ఇవ్వడం, అప్పు కట్టడం, పుస్తకం రాయడం అని మాకు పంచసూత్రాలు నేర్పారు. వాటిలో మొదటిది నిలబడిందంటే మిగతా నాలుగు ఉండబట్టే. వార్డు కమిటీకి మీటింగ్ ఒక్కటే ఇచ్చారు. తేల్చడానికి చేతిలో ఏమీ లేదు. అట్లాంటి మీటింగ్‌కు చాయ్ బిస్కెట్ పెట్టినా రెండోసారి ఎవరూ రారు.

మా అక్క కొడుకు అమెరికాలో సియాటెల్ అనే నగరంలో ఉద్యోగం చేస్తాడు. పోయిన దసరాకు వచ్చినప్పుడు నేను ఈ గోడు వెళ్లబోసుకుంటే "చిన్నమ్మా, మా దగ్గర ఇట్లాంటిది ఒకటి ఉంది" అని చెప్పాడు. అక్కడి నగర పాలక సంస్థ 1988 నుంచి ఒక నిధి నడుపుతోంది. గల్లీవాళ్లు, కాలనీవాళ్లు నలుగురు కలిసి ఫలానా పని చేసుకుంటామని అడగవచ్చు. పార్కో, తోటో, గోడ మీద బొమ్మలో, పిల్లలు ఆడుకునే జాగో, ఏదైనా సరే. ఆలోచన వాళ్లదే ఉండాలి. దానికి వాళ్లు ఎంత కలిపితే దాన్ని చూసి నగరం డబ్బు ఇస్తుంది. నాకు బాగా నచ్చింది ఇక్కడే. ఆ కలపడం డబ్బే కానక్కర్లేదు. ఎవరైనా వచ్చి రెండు గంటలు మట్టి తవ్వితే ఆ రెండు గంటలకూ వెల కట్టి వాటాగా లెక్కలో రాసుకుంటారు. ఇటుకలు ఇస్తే ఇటుకల ధర, డిజైన్ గీసి ఇస్తే గీసినవాళ్ల కష్టం.

ఒక బొమ్మ ఫోటో కూడా చూపించాడు. ఫ్రీమాంట్ అనే పేట. అక్కడ పెద్ద వంతెన కింద చెత్త, మత్తుమందుల వ్యవహారం ఉండేదట. పేటవాళ్లు ఆ చోటును బాగు చేయాలనుకుని ఆ నిధి నుంచి డబ్బు అడిగారు. ఏ బొమ్మ పెట్టాలో నమూనాలు చేయించి, తమ పేట సంబరాల్లో పెట్టి, జనంతోనే ఎంపిక చేయించారట. 1990లో వంతెన కింద సిమెంటుతో ఒక భూతం లేచింది. ఒంటికన్ను, చేతి కింద నిజం కారు. ఇప్పుడు దాన్ని చూడటానికే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, పిల్లలు దాని చేతుల మీదెక్కి ఆడతారు. ఆ ఫోటో చూస్తుంటే నాకు మా పంచాయతీ ఆఫీసు వెనక జాగ కళ్లముందు మెదిలింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇది అమెరికా ముచ్చట, మనకెక్కడ కుదురుతుంది అని మీరు అనవచ్చు. మన నేల మీద జరిగినవే చూడండి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఊరివాళ్ల మధ్య కూర్చుని, భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడుగుతున్నాయి, మీరేమంటారని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. నలుగురిలో అడగబట్టే ఆ మాట వచ్చింది. ఆ భూదాన్ పోచంపల్లి ఇప్పుడు మున్సిపాలిటీ. 2000 తర్వాత తొలి ఏళ్లలో సూర్యాపేట చెత్త విషయంలో దేశానికి దారి చూపించింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం అప్పటికి పెద్ద నగరాలకే సరిగా తెలియదు. అక్కడ ఇళ్లవాళ్లు, దుకాణాలవాళ్లు చేసి చూపించారు. కేరళ 1996లో ప్రణాళిక డబ్బులో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకే ఇచ్చి, ఏం చేయాలో జనంతో చెప్పించింది. పుణె కార్పొరేషన్ 2006 నుంచి వార్డుల్లో జనం చెప్పిన పనులను బడ్జెట్‌లో పెడుతోంది.

జన్మభూమి రోజులు కూడా మనలో చాలామందికి గుర్తున్నాయి. 1997లో మొదలైంది. శ్రమదానం అన్నారు, ప్రజల వాటా అన్నారు. నాకు అప్పుడే పెళ్లయింది, మా అత్తతో పాటు తట్ట పట్టుకుని బడి ముందు మట్టి పోశాను. ఆ రోజు సంతోషం అబద్ధం కాదు. అయితే తర్వాత ఒక పనికి ఊరి వాటా కాంట్రాక్టరే కట్టేశాడని ఊరందరికీ తెలిసింది. తన వాటా వేరేవాడు కట్టిన పని మీద ఊరికి మాట ఎక్కడ ఉంటుంది? ఆ రోడ్డు రెండేళ్లకే లేచిపోతే ఎవరూ నోరు తెరవలేదు. అందుకే చెబుతున్నాను, వాటా ఎవరిదో వాళ్లే ఇవ్వాలి, ఎవరు ఏమిచ్చారో పేరుపేరునా బోర్డు మీద రాయాలి. ఐదు వందలు ఇచ్చినవాళ్ల పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో, ఐదు రోజులు పార పట్టినవాళ్ల పేరూ అంతే పెద్దగా ఉండాలి.

మాకు చేతనవుతుందా అన్న అనుమానం మీకు ఉండవచ్చు. పోయిన ఏడు వానలకు ముందు జరిగింది చెబుతాను. మా గల్లీ మూలన మోరీ మీద బండ విరిగింది. అంతకుముందే అక్కడ ఒక కల్వర్టు కట్టారు. కట్టినవాళ్లు ఎవరో గానీ దాని అడుగును మోరీ అడుగు కంటే జానెడు ఎత్తున పెట్టారు. నీళ్లు ఎదురెక్కవు కదా. వాన పడితే మురుగు వెనక్కి తన్ని మూడు ఇళ్ల గడపల దాకా వచ్చేది. ఒక సాయంత్రం ఆడుకుంటున్న పిల్లవాడి కాలు ఆ విరిగిన బండ సందులో ఇరుక్కుంది. చర్మం గీసుకుపోవడంతో గండం గడిచింది. ఆ రాత్రే సంఘం కూర్చుంది. ఇంటికి రెండు వందలు అనుకున్నాం. ఇరవై ఆరు ఇళ్లలో ఇరవై రెండు ఇచ్చాయి, 4,400 అయ్యాయి.

మా వాడకట్టులో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్లు బొంబాయిలో, కర్ణాటకలో డ్యాముల మీద, బిల్డింగుల మీద మేస్త్రీగా చేసి వచ్చాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, వాళ్ల చెయ్యి పడని ప్రాజెక్టు లేదంటారు. ఆయన ఇంట్లోంచి సన్నటి తెల్ల పైపు తెచ్చాడు. అందులో నీళ్లు నింపి ఒక కొస నాకిచ్చి కల్వర్టు దగ్గర పట్టుకోమన్నాడు, ఇంకో కొస తను మోరీ అవతల పట్టుకున్నాడు. పైపులో బుడగ లేకుండా రెండుసార్లు వేలితో కొట్టి చూశాడు. నీళ్లు ఊగి ఊగి నిలిచాక, నిలిచిన చోట రెండు వైపులా గోడ మీద బొగ్గుతో గీత పెట్టాడు. ఆ గీతల నుంచి కిందికి టేపుతో కొలిస్తే తేడా సరిగ్గా తొమ్మిది అంగుళాలు. "నీళ్లు అబద్ధం చెప్పవు బిడ్డా" అన్నాడు. ఆదివారం పొద్దున కల్వర్టు అడుగు పగలగొట్టి వాలు సరిచేశాం. రెండు షాబాద్ బండలు, మూడు బస్తాల సిమెంట్, అర ట్రాక్టర్ ఇసుక. ఆటో ఆయన బండలు ఊరికే తెచ్చి దించాడు. మొత్తం 4,180 ఖర్చు, మిగిలిన 220 పుస్తకంలో ఉన్నాయి. ఆ వానకాలం ఒక్క గడపలోకీ మురుగు రాలేదు.

ఆ రోజంతా నాకు టెన్షనే. ప్రభుత్వం కట్టినదాన్ని అనుమతి లేకుండా పగలగొట్టాం, ఎవరైనా కేసు పెడతారేమోనని. మంచి పని చేస్తూ దొంగల్లా భయపడ్డాం. ఒక కార్యక్రమం అంటూ ఉంటే ముందే మీ ఇంజనీరు వచ్చి చూసేవారు. ఆ పెద్దాయన పైపు, ఇంజనీరు చదువు ఒక్కచోట కలిసేవి. అసలు కల్వర్టు కట్టే రోజే అడిగి ఉంటే దాన్ని రెండోసారి కట్టాల్సిన పని ఉండేది కాదు.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా, మేము కడుతున్న పన్నులోంచే కొంత. ఏప్రిల్‌లోనే ఇంటి పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గింపు అని మైకులో చెబుతారు. మా సంఘంలో చాలామందిమి ఆ నెలలోనే కట్టేస్తాం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు మనలాంటి పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి అని ముడి పెట్టి, మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వదిలింది. ఆ స్థానిక అవసరం ఏమిటో స్థానికులనే అడగమంటున్నాను. వార్డుకు పది లక్షలు అని నాకు అనిపిస్తుంది. అంత కష్టమైతే ఐదుతో మొదలుపెట్టండి. అన్ని వార్డులూ ఒకేసారి వద్దు, ఒప్పుకున్న నాలుగైదు వార్డుల్లో ఒక్క ఏడాది చేసి చూడండి.

పచ్చదనం సంగతీ అంతే. బడ్జెట్‌లో 10 శాతం దానికే పెట్టాలని మన చట్టం చెబుతోంది, ఎంత మంచి మాట! మా రోడ్డున కరెంటు తీగల కింద వరసగా మొక్కలు నాటారు. అవి తీగలను అందుకునేసరికి కరెంటువాళ్లు వచ్చి తలలు నరికారు. వాళ్ల తప్పు లేదు, వాళ్ల పని అది. నాటే ముందు మా గల్లీలో ఏ ముసలమ్మను అడిగినా "ఈ వైపు వద్దు నాయినా, ఆ వైపు పెట్టు, నేను నీళ్లు పోస్త" అనేది. మహబూబ్‌నగర్ పక్కనున్న పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించి బతికించుకున్నాం. ఒక్క చెట్టు కోసం అంత ఓపిక పట్టిన జిల్లా మనది.

రెండు భయాలు నాకూ ఉన్నాయి, దాచను. సభ పెడితే గట్టిగా మాట్లాడేవాళ్లదే రాజ్యం అవుతుందేమో, ఒకే కులంవాళ్లో ఒకే పార్టీవాళ్లో వచ్చి తమ గల్లీకే పని రాయించుకుంటారేమో. అవుతుంది, జాగ్రత్త పడకపోతే తప్పకుండా అవుతుంది. అందుకే చేతులెత్తించే పద్ధతి వద్దు. మాకు సంఘం ట్రైనింగ్‌లో చింతగింజలతో ర్యాంకులు పెట్టించేవారు. పనికి ఒక కుండ, కుండ మీద ఆ పని బొమ్మ. మనిషికి మూడు గింజలు ఇస్తే నచ్చిన కుండలో వేస్తారు. చదువు రానివాళ్లు, అత్త ముందు నోరు విప్పని కోడళ్లు, పెద్దల ముందు నిలబడటానికి జంకే కూలివాళ్లు అందరూ వేస్తారు. కిరాయికి ఉండేవాళ్లకు కూడా గింజలు ఇవ్వాలి. ఓటు వేరే ఊళ్లో ఉన్నా మురుగు వాళ్ల గడపలోకే వస్తుంది. అందరి ముందు గింజలు లెక్కపెట్టి అక్కడే తీర్మానం రాయాలి.

రెండో భయం ఇంకా పెద్దది. ప్రజల వాటా అనే మాట పట్టుకుని, మంచినీళ్లు, మోరీలు, వీధి లైట్లు కూడా మీరే చేసుకోండి అంటారేమోనని. అవి మీ బాధ్యత, వాటికి మేము పన్ను కడుతున్నాం, ఈ డబ్బు వాటికి బదులు కాకూడదు. డబ్బున్న కాలనీ లక్ష చందా వేయగలదు, గుడిసెల బస్తీ వేయలేదు. అందుకే ఒంటి కష్టానికి వెల కట్టమని అడుగుతున్నాను. పేద బస్తీలో అయితే ఆ కష్టం వాటా కూడా సగానికి తగ్గించాలి. రోజు కూలి పోగొట్టుకుని వచ్చే మనిషి ఒక్కరోజు విలువ, ఆదివారం సెలవున్న మనిషి ఒక్కరోజు విలువ ఒకటి కావు.

కౌన్సిలర్లకు, కార్పొరేటర్లకు ఒక మాట. మీ అధికారం పోతుందని అనుకోకండి. ఈ రోజు పని కాకపోయినా మిమ్మల్నే తిడతారు, పని అయినా పక్క గల్లీవాళ్లు మిమ్మల్నే తిడతారు. సభలో గింజలు వేసి తేల్చాక, ఎవరి పని ముందో మేమే ఒప్పుకున్నట్టు. మా సంఘంలో అప్పు దొరకనామె లెక్కలు రాసే నన్ను ఏమీ అనదు, వచ్చే నెల తన వంతు కోసం మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మా జాగ సంగతి. పాత పంచాయతీ ఆఫీసు వెనక ఏడు గుంటల నేల ఉంటుంది. తరతరాలుగా బతుకమ్మ ఆడే జాగ అది. చుట్టూ వెంచర్లు పడ్డాక, పాత ఇళ్లు కూలగొట్టిన మట్టి, పగిలిన టైల్స్, విరిగిన కమోడ్లు రాత్రిపూట ట్రాక్టర్లలో తెచ్చి అక్కడ పోస్తున్నారు. మూడేళ్ల కింద సద్దుల బతుకమ్మ నాడు ఆడుతుంటే ఒక పిల్ల అరికాల్లో గాజు ముక్క దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి రోడ్డు మీద ఆడుతున్నాం. పక్క నుంచి బండ్లు హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి, మగవాళ్లు రెండు వైపులా నిలబడి బండ్లను ఆపుతుంటారు. తంగేడు పూలు పేర్చుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చి, పాట మధ్యలో పక్కకు జరుగుతూ ఆడాలి. దసరాకు ఊరికి వచ్చిన ఆడపిల్లలు "ఏందమ్మా మన జాగ ఇట్లయింది" అని అడుగుతుంటే మాకు తల ఎత్తబుద్ధి కాదు.

పోయిన నెల సంఘం మీటింగ్‌లో దీని మీద తీర్మానం రాశాం. 41 ఇళ్లు ఒప్పుకున్నాయి. ఇంటికి 500 చొప్పున 20,500. కష్టం కింద 120 రోజుల పని రాసిచ్చారు, రోజుకు 500 వేసినా 60,000. ఒక ట్రాక్టర్ ఆయన రెండు రోజులు డీజిల్ ఖర్చుతోనే తిప్పుతానన్నాడు. పైపు పెద్దాయన జాగ అంతా లెవెల్ చూసి, వాన నీళ్లు ఎటు పోవాలో కర్రలు పాతాడు. మీ నుంచి మాకు కావలసింది జేసీబీతో ఆ మట్టి దిబ్బ తీయించడం, నాలుగు దిక్కులా లైట్లు, ఒక నల్లా, వేపచెట్టు గద్దె మళ్లీ కట్టడానికి బండలు. ఇంకా ముఖ్యంగా ఆ జాగ పట్టణానిదే అని, ఎవరూ కబ్జా చేయడానికి వీల్లేదని ఒక బోర్డు. పని అయ్యాక, జరిగిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ నకలు ఒకటి మా సంఘానికి ఇవ్వండి, మా పుస్తకంతో సరిచూసుకుంటాం.

ఈ ఉత్తరం చదివి మీలో ఎవరైనా తమ పట్టణంలో ఒక్క వార్డులో సభ పెట్టినా మాకు సంతోషమే, మా వార్డే కావాలని లేదు. సభ పెట్టినా, మాలాంటి వాళ్లను చూడటానికి వచ్చినా ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. మా ఆడవాళ్లు పొద్దున ఏడింటికే టిఫిన్ కట్టుకుని నాట్లకు, కలుపులకు, మిల్లు పనులకు ఆటోల్లో పోతారు. పదకొండు గంటలకు మీటింగ్ పెట్టి ఎవరూ రాలేదని రాసుకుని వెళ్లకండి. సాయంత్రం ఆరున్నర దాటాక రండి. అప్పటికి అందరం ఇళ్లకు చేరతాం.